ఇద్దరే కలిసి హనుమకొండ నుంచి మేడారం నడవాలంటే

హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర బయల్దేరి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం చేరే దారి సుమారు 100 కిలోమీటర్లు. మధ్యలో రామప్పకూ, లక్నవరానికీ తిరిగి వస్తే ఇంకో 40 దాకా కలుస్తుంది. రోజుకు 15 నుంచి 20 కిలోమీటర్లు నడిస్తే ఎనిమిది, తొమ్మిది రోజుల్లో హాయిగా చేరతారు. కాకతీయులు కట్టిన గుడి దగ్గర మొదలై, కాకతీయ సైన్యంతో పోరాడిన సమ్మక్క, సారలమ్మ తల్లుల గద్దెల దగ్గర ముగిసే దారి ఇది. మన దగ్గర ఇంతకన్నా మంచి నడక దారి నాకు తెలియదు.

మొక్కు ఉన్నవాళ్లు గుంపుగా నడుస్తారు. గుంపులో సామాను ఆటోలో వస్తుంది, వంటకు మనుషులుంటారు, ఒకరు వెనకబడితే తోడు ఇంకొకరుంటారు. భార్యాభర్తలు ఇద్దరే బయల్దేరినప్పుడు ఇవన్నీ ఇద్దరి మీదే పడతాయి. అందుకే ఇందులో దారి గురించి కొంత, ఆ దారిలో ఇద్దరూ రోజు ఎలా గడపాలో ఎక్కువ చెబుతున్నాను.

ఎప్పుడు బయల్దేరాలి

డిసెంబరు మొదటివారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. మార్చి వచ్చిందంటే పది గంటలకే తారు రోడ్డు కాలుతుంది. వానాకాలంలో వాగులు పొంగుతాయి, అడవిలో దోమలు ఎక్కువ.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మహాజాతర వారంలో మాత్రం ఇద్దరే నడవాలని అనుకోకండి. కోటికి పైగా జనం, రోడ్డంతా బండ్లు, ఎక్కడా గది దొరకదు. జాతరకు నెల ముందు నుంచే ఆదివారాలు, బుధవారాలు రద్దీ మొదలవుతుంది. జాతర లేని ఏడాదిలో, వారం మధ్యలో మేడారం చేరేలా లెక్క వేసుకుంటే గద్దెల దగ్గర నింపాదిగా నిలబడి దండం పెట్టుకోవచ్చు.

రెండు నెలల ముందు నుంచి

రోజూ సాయంత్రం భద్రకాళి బండ్ మీద గంట నడవండి. వారానికి ఒకసారి పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగండి. నెల గడిచాక ఆదివారం పూట అసలు బ్యాగులు వేసుకుని, అసలు బూట్లతో ఐనవోలు మల్లన్న దగ్గరికి నడిచి వెళ్లండి. వచ్చేటప్పుడు బస్సెక్కండి. ఆ ఒక్క రోజులో ఎవరి అడుగు ఎంత వేగం, ఎవరికి ఎప్పుడు ఆకలి, ఎవరి భుజం ముందు నొప్పి పెడుతుంది, అన్నీ తెలిసిపోతాయి. మోకాళ్ల నొప్పులు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఈ దశలోనే డాక్టరును అడగాలి.

పనులు ఇంట్లోనే పంచుకోండి

చాలా ఇళ్లలో ప్రయాణమంటే సర్దేది ఆమె, టికెట్లు, డబ్బులు చూసేది ఆయన. ఈ పద్ధతిని నడకలోకి తీసుకుపోవద్దు. పొద్దంతా ఇద్దరూ సమానంగా నడిచి, సాయంత్రం మజిలీ చేరాక ఆయన మంచం మీద వాలి, ఆమె బట్టలు ఉతుకుతూ ఉంటే మూడో రోజుకే ఆ నడక మీద ఆమెకు విసుగు పుడుతుంది. పుట్టడం న్యాయం కూడా.

నా సలహా ఇది. ఒకరోజు ఒకరు దారి చూసుకోవాలి, ఇంకొకరు మజిలీ చూసుకోవాలి. మరుసటి రోజు మార్చుకోవాలి. దారి చూసేవాళ్ల పని: టైము, మలుపులు, రోడ్డు దాటడం, ఎక్కడ ఆగాలి, ఫోన్ చార్జింగు. మజిలీ చూసేవాళ్ల పని: గది మాట్లాడటం, తిండి, నీళ్లు నింపడం, బట్టలు ఉతకడం. ఆ రోజు ఎవరి పనిలో వాళ్లదే ఆఖరి మాట. "అట్ల కాదు, ఇట్ల చేయాల్సింది" అని రెండోవాళ్లు అనకూడదు. ఇది రాసుకుని ఫ్రిజ్ మీద అంటించినా తప్పు లేదు.

బ్యాగు బరువు

మీ బరువులో పదో వంతు దగ్గర ఆగండి. 55 కిలోల మనిషికి నీళ్లతో కలిపి ఆరు కిలోలు దాటితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. బరువు సగం సగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, పంచుకోవాల్సింది ఎవరి ఒళ్లు ఎంత మోయగలదో దాన్ని బట్టి.

ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు చాలు. ఒంటి మీద ఒకటి, ఆరేది ఒకటి. జీన్స్ వద్దు: తడిస్తే ఆరవు, తొడలు ఒరుసుకుంటాయి. ఆడవాళ్లకు వదులైన పంజాబీ డ్రెస్సు బాగుంటుంది. పల్చటి శాలువా ఒకటి, చలికోటు ఒకటి, మంకీ క్యాపు. జనవరి పొద్దున ములుగు దగ్గర మంచు కురిసేటప్పుడు ఆ టోపీ విలువ తెలుస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకటి ఉంటే చాలేవి: సబ్బు, పేస్టు, పవర్ బ్యాంకు, చార్జరు, మందుల డబ్బా, సూదీదారం, చిన్న కత్తెర. టార్చిలైటు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. ఒరిజినల్ ఆధార్ కార్డులు ఇద్దరివీ పెట్టుకోండి. లాడ్జీలో అడుగుతారు. మధ్యలో బస్సెక్కాల్సి వస్తే, 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి అక్కడా చూపించాలి.

పది పిన్నీసులు తప్పకుండా వేసుకోండి. రాత్రి ఆరని సాక్సులు పొద్దున బ్యాగుకు పిన్నీసు పెట్టి నడిస్తే పది గంటలకల్లా ఆరిపోతాయి.

రోజు ఇలా గడవాలి

చలికాలంలో మన దగ్గర పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. ములుగు రోడ్డు జాతీయ రహదారి 163. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు చీకట్లో కూడా తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి మూడింటికి లేచి చీకట్లో నడిచే పద్ధతి ఇద్దరే ఉన్నప్పుడు వద్దు. ఐదింటికి లేవండి. కాలకృత్యాలు, స్నానం, పాదాలకు నూనె, సామాను సర్దడం, అన్నిటికీ గంటన్నర పెట్టుకోండి. ఈ గంటన్నరలో తొందరపెడితే ఆ రోజంతా ఏదో ఒకటి మరచిపోయామన్న టెన్షన్ వెంటాడుతుంది. గది వదిలే ముందు ఒకరు తలుపు దగ్గర నిలబడాలి, ఇంకొకరు మంచం కింద, బాత్రూంలో, ప్లగ్గు దగ్గర చూసి రావాలి. ఎక్కువగా మరచిపోయేది చార్జరే.

వెలుతురు రాగానే బయల్దేరితే పది, పదిన్నరకల్లా 12 కిలోమీటర్లు అయిపోతాయి. గంటకోసారి పది నిమిషాలు ఆగండి. ఆగినప్పుడు బ్యాగు దించాలి, బూట్లు విప్పాలి, నీళ్లు తాగాలి. నిలబడి తాగి మళ్లీ కదిలితే అది ఆగినట్టు కాదు.

ఎప్పుడూ రోడ్డుకు కుడిపక్క నడవండి. ఎదురొచ్చే బండి మీకు కనిపించాలి. ఇద్దరూ పక్కపక్కన నడవకూడదు, ఒకరి వెనక ఒకరు నడవాలి. రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే జాకెట్లు హార్డ్‌వేరు షాపుల్లో దొరుకుతాయి. ఇద్దరికీ కొనండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు.

ముందు ఎవరు? నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవలు పుట్టవు. వేగంగా నడిచే మనిషి ముందుంటే ఏం జరుగుతుందో చూడండి: ఆయన వంద గజాలు పోయి ఆగుతాడు, ఆమె చేరగానే లేచి మళ్లీ కదులుతాడు. ఆయనకు రోజంతా విశ్రాంతి దొరుకుతుంది, ఆమెకు ఒక్కసారీ దొరకదు. అంతకంటే, ఎవరో తనకోసం ఎదురు చూస్తున్నారన్న భారం బ్యాగు కంటే బరువు. ముందు ఆమె నడిస్తే ఆమె అడుగే ఇద్దరి అడుగవుతుంది. కొన్ని జంటల్లో నెమ్మదిగా నడిచేది ఆయనే. అప్పుడు ఆయనే ముందు.

పదకొండు నుంచి మూడు దాకా నీడ పట్టున ఉండండి. గుడి మండపమో, వేపచెట్టు కిందో, హోటల్లో భోజనం చేసి అక్కడే బెంచీ మీదో. ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు సామాను చూడాలి. తర్వాత మిగిలిన ఐదారు కిలోమీటర్లు నడిచి ఐదింటికల్లా మజిలీలో ఉండాలి. డిసెంబరులో ఆరు లోపే చీకటి పడుతుంది.

పాదాలు

నడక ఆగిపోతే ఎక్కువసార్లు బొబ్బల వల్లే ఆగిపోతుంది. బూట్లు మామూలు సైజు కంటే కొంచెం పెద్దవి, సాయంత్రం పూట కొనండి. నడిస్తే పాదం ఉబ్బుతుంది. కొత్త బూట్లతో బయల్దేరొద్దు. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. సాక్సులు మూడు జతలు. మధ్యాహ్నం జత మార్చండి.

వేళ్ల సందుల్లో, మడమకు, తొడల లోపలివైపు కొబ్బరినూనె గానీ వ్యాజిలైన్ గానీ రాసుకోవాలి. నడుస్తుండగా ఎక్కడైనా చురుక్కుమంటే ఆ క్షణమే ఆగాలి. "వచ్చే ఊర్లో చూద్దాంలే" అనుకున్న చోటే బొబ్బ లేస్తుంది. అక్కడ మైక్రోపోర్ టేపు ముడత లేకుండా అంటించండి. బొబ్బ లేస్తే చిన్నదాన్ని ముట్టుకోవద్దు. పెద్దదై నడవనివ్వకపోతే, స్పిరిటుతో తుడిచిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు పోనివ్వండి. పైతోలు తీయొద్దు. బీటాడిన్ రాసి ప్లాస్టరు వేయండి. షుగరు ఉన్నవాళ్లు ఈ పని సొంతంగా చేసుకోకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక్కడ జంటగా నడవడంలో ఒక మేలు ఉంది. మన మడమ వెనకభాగం, అరికాలు మనకు సరిగా కనబడవు. రాత్రి కాళ్లు కడుక్కున్నాక ఒకరి పాదాలు ఒకరు టార్చి వేసి చూడండి. ఎర్రబడిన చోటు, చీలిన చోటు, ముల్లు దిగిన చోటు తెలుస్తుంది. తర్వాత ఐదు నిమిషాలు నూనెతో పిక్కలు రుద్దండి. భర్త భార్య కాళ్లు పట్టుకోవడమేమిటని మన పెద్దవాళ్లు అనొచ్చు. రోజంతా పక్కన నడిచిన కాళ్లవి, పట్టుకోవాల్సిందే. ఈ పది నిమిషాలు మానకండి. ఎంత అలిసిపోయినా సరే.

తిండి, నీళ్లు

ఇంటి నుంచి సకినాలు, సర్వపిండి, పల్లీపట్టీలు, మలీద ముద్దలు తీసుకోండి. సర్వపిండి మొదటి రోజే తినేయాలి. సకినాలు నిలవుంటాయి గానీ బ్యాగులో నలిగి పొడి అవుతాయి, స్టీలు డబ్బాలో పెట్టండి. పొద్దున బయల్దేరే ముందు కొంచెం, ఎనిమిదింటికి దారిలో ఇడ్లీనో ఉప్మానో, మధ్యాహ్నం పప్పు, పెరుగుతో అన్నం. బిర్యానీ, వేపుళ్లు రాత్రికి ఉంచుకోండి. ఎండలో అవి కడుపును ఇబ్బంది పెడతాయి.

నీళ్లు ఒక్కొక్కరి దగ్గర రెండు లీటర్లు. దాదాపు ప్రతి ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు ఉంటుంది, సీసాలు అక్కడ నింపుకోండి. వాగు నీళ్లు, చెరువు నీళ్లు తాగొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు అంచుకు సమానంగా కొలవండి, ఉప్పు ఎక్కువ కాకూడదు.

చిల్లర నోట్లు పెట్టుకోండి. తాడ్వాయి అడవిలో సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్‌పే నమ్ముకోలేం. డబ్బు ఇద్దరి దగ్గరా సగం సగం ఉండాలి.

ఆడవాళ్ల ఇబ్బందులు

దారిలో మరుగుదొడ్డి దొరకదని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. రెండో రోజుకే మూత్రంలో మంట మొదలవుతుంది, తల తిరుగుతుంది. దీనికి జవాబు నీళ్లు తగ్గించడం కాదు, ముందే చూసుకోవడం. పెట్రోలు బంకులు, ములుగు బస్టాండు, భోజనం హోటళ్లు ఎక్కడున్నాయో ముందురోజు రాత్రే ఫోన్లో గుర్తు పెట్టుకోండి. ఇది ఆ రోజు దారి చూసేవాళ్ల పని, ఆయనదైతే ఆయనే చూడాలి. దొరకని చోట శాలువా అడ్డం పట్టి నిలబడటం కూడా ఆయన పనే. ముందు కర్రతో గడ్డి కదిపి, పాము పుట్ర లేదని చూశాకే.

నెలసరి తేదీలు చూసుకుని బయల్దేరడం మంచిదే. మధ్యలో వస్తే ఆ రోజు ఎంత నడవాలి, అసలు నడవాలా అన్నది ఆమే చెప్పాలి. మందులేసి వాయిదా వేయాలనుకుంటే ముందే డాక్టరును కలవండి. వాడిన ప్యాడ్లు కాగితంలో చుట్టి కవర్లో వేసి, ఊళ్లో చెత్త బండికి ఇవ్వండి. అడవిలో, వాగులో పారేయొద్దు.

మాట పట్టింపులు వస్తే

వస్తాయి. చాలావరకు ఆకలి వేళకే వస్తాయి. గొంతు పెరిగిందంటే ముందు ఏదైనా తినండి, తర్వాత మాట్లాడండి. ఎండలో, ఖాళీ కడుపుతో "ఇక చాలు, ఇంటికి పోదాం" అన్న నిర్ణయం తీసుకోవద్దు. ఆ మాట రాత్రి అన్నం తిన్నాక అంటే దానికి విలువ ఇవ్వాలి. వాదించకుండా పొద్దున బస్సెక్కాలి. ఈ దారిలో దాదాపు ఎక్కడాగినా హనుమకొండ బస్సు దొరుకుతుంది, అమ్మవార్లు వచ్చే ఏడూ అక్కడే ఉంటారు.

రోజులో ఒక గంట మాట్లాడకుండా నడవాలని ముందే అనుకోండి. ఒకరు ఇరవై అడుగులు వెనక నడిచినా పర్వాలేదు, చూపులో ఉంటే చాలు. ఇరవై నాలుగు గంటలూ ఒకరి పక్కన ఒకరు ఉండటం పెళ్లయి ఎన్నేళ్లయినా అలవాటు లేని పని.

మజిలీలు

మొదటి రోజు ఆత్మకూరు దాకా. రెండో రోజు గూడెప్పాడ్ దాటి మల్లంపల్లి. మూడో రోజు తక్కువ దూరం: ములుగు ముందు గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నానికి ములుగు చేరి విశ్రాంతి తీసుకోండి. మేడారం వెళ్లేవాళ్ల తొలి మొక్కు గట్టమ్మకే. చిన్న ఊళ్లలో లాడ్జీలు ఉండవు. ఫంక్షన్ హాలు వాళ్లనో, గుడి పూజారినో, తెలిసినవాళ్ల సుట్టాలనో ముందే ఫోన్లో అడిగి పెట్టుకోండి. ఏదీ కుదరకపోతే బస్సులో ములుగు పోయి పడుకుని, పొద్దున మళ్లీ ఆగిన చోటికే వచ్చి నడక అందుకోండి. అందులో తప్పేమీ లేదు.

నాలుగో రోజు జంగాలపల్లి దగ్గర హైవే వదిలి వెంకటాపూర్ మీదుగా పాలంపేట. ఇక్కడ లారీల మోత తగ్గి, రోడ్డుకు రెండు పక్కలా పొలాలు మొదలవుతాయి. సాయంత్రం ఎండలో రామప్ప గుడి చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ రాత్రి అక్కడే ఉండేలా గది ముందే చూసుకోండి. రామప్ప, లక్నవరం, తాడ్వాయిల్లో టూరిజం వాళ్ల వసతి ఉంటుంది గానీ శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి. మరుసటి రోజు తిరిగి హైవే ఎక్కి గోవిందరావుపేట వైపు. చల్వాయి దగ్గర లోపలికి తిరిగితే లక్నవరం. కాళ్లు బాగాలేకపోతే లక్నవరం వదిలేయండి, రామప్ప మాత్రం వదలొద్దు.

ఊళ్లల్లో జనం ఆపి మాట్లాడతారు. "ఏ ఊరు బిడ్డా? ఏం మొక్కు?" అని అడుగుతారు, నీళ్లిస్తారు, మంచం వాలుస్తారు. ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడండి. ముందున్న దారి సంగతి ఫోన్లో మ్యాపు కంటే వాళ్లకే బాగా తెలుసు.

పస్రా దాటాక అడవి. ఇది ఏటూరునాగారం అభయారణ్యం. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న అడవి కాబట్టి పొద్దు బాగా ఎక్కాక బయల్దేరి, మూడింటికల్లా తాడ్వాయిలో ఉండాలి. పస్రాలో టీకొట్టు దగ్గర, ఫారెస్టు సిబ్బంది కనిపిస్తే వాళ్లను కూడా, జంతువుల జాడ ఏమైనా ఉందా అని అడగండి. ఉందంటే ఆ ముక్క బస్సులో పొండి. డేరా వేయడం, మంట పెట్టడం వద్దు. తారు రోడ్డు వదిలి కాలిబాటల్లోకి పోవద్దు. దోమతెర, ఓడోమాస్ ఇక్కడ తప్పనిసరి, మలేరియా ఉన్న ప్రాంతం.

తాడ్వాయి నుంచి మేడారం 14 కిలోమీటర్ల దాకా. 2024 ఆగస్టు 31న వచ్చిన గాలివానకు ఈ అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. ఇంతకు ముందు ఈ దారి చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. నీడ ఉంటుందన్న లెక్కతో ఆలస్యంగా బయల్దేరకండి.

కుక్కలు మీదికొస్తే పరుగెత్తొద్దు, ఇద్దరూ దగ్గరగా నిలబడి కర్ర నేలకు కొట్టండి. కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రిలో సూది వేయించుకోవాలి. అత్యవసరానికి 108, పోలీసులకు 112. ఇంట్లో ఒకరికి రోజూ సాయంత్రం ఎక్కడున్నారో ఫోన్ చేసి చెప్పండి.

మేడారంలో ముందు జంపన్న వాగులో స్నానం. లోతు చూసుకుని ఒడ్డునే చేయండి, బ్యాగుల దగ్గర ఒకరు ఉండి వంతులవారీగా దిగండి. ఎత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరిపడా బెల్లం ఇచ్చే మొక్కు ఉంటే ఆ బెల్లం అక్కడే కొనుక్కోండి, మోసుకు రానక్కర్లేదు. దర్శనం అయ్యాక బూట్లు బ్యాగుకు కట్టేసి చెప్పులు వేసుకుని బస్సెక్కండి. జాతర లేని రోజుల్లో మేడారం నుంచి నేరుగా బస్సులు తక్కువ. ఆటోలో తాడ్వాయి వస్తే హనుమకొండ బస్సు దొరుకుతుంది. ఇంటికి చేరాక రెండు రోజులు సెలవు మిగిలేలా చూసుకోండి. మొదటి రోజు మెట్లు దిగడం ఇద్దరికీ కష్టమే. తర్వాత కొన్ని వారాల్లో ఎప్పుడు చలిజ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా మలేరియా పరీక్ష చేయించుకోండి.